నడుముకు ఇచ్చే మత్తు సూది: ఏ మందు ఎంతసేపు ఉంటుంది, ఎవరికి ఏది ఇస్తారు?

సిజేరియన్, హెర్నియా, పైల్స్, మోకాలి మార్పిడి, తుంటి విరుగుడు, ప్రోస్టేట్. వీటిలో ఒక్క ఆపరేషన్ కూడా జరగని ఖాందాన్ మన బస్తీల్లో దొరకడం కష్టం. వీటన్నిటికీ మామూలుగా ఇచ్చే మత్తు ఒకటే, స్పైనల్ అనస్తీషియా. అమ్మీలు దీన్నే 'కమర్ మే సూయీ' అంటారు. నడుము నుంచి కింది భాగం మొద్దుబారుతుంది, మనిషి మాత్రం మేలుకునే ఉంటాడు.

సర్జన్ ఎవరు అని అందరం అడుగుతాం. ఫీజు ఎంత, రూమ్ ఏసీనా అని కూడా అడుగుతాం. మత్తు డాక్టర్ ఎవరు, ఏ మందు ఇస్తున్నారు అని అడిగేవాళ్లు చాలా తక్కువ. కానీ పేషెంట్ ఎన్ని గంటలకు కాళ్లు కదుపుతాడు, యూరిన్ పైపు పెట్టాల్సి వస్తుందా, ఆ రాత్రి ఇంటికి పంపుతారా అన్నవి చాలావరకు ఆ చిన్న ఆంప్యూల్‌లో ఉన్న మందు మీదే ఆధారపడి ఉంటాయి.

మన దగ్గర ఈ విషయం ఇంకాస్త ముఖ్యం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో రౌండ్ (2019-21) ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తం మీద చూస్తే 21.5 శాతం. అంత ఎక్కువ ఎందుకన్నది వేరే కథ, దాని మీద విడిగా రాయాలి. ఇక్కడ చెప్పేదేమంటే, మన ఇళ్లలో ఆడవాళ్లకు ఈ సూది తప్పని అనుభవంగా మారిపోయింది. దాని గురించి తెలిసినవాటిలో మాత్రం సగం భయాలే.

సూది ఎక్కడ దిగుతుంది?

వెన్నుపాముకు సూది గుచ్చుతారు అని చాలామంది అనుకుంటారు. అది కరెక్ట్ కాదు. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము పైభాగంలోనే, మొదటి రెండు నడుము పూసల దగ్గర ముగిసిపోతుంది. సూది వేసేది దాని కింద, మూడు-నాలుగు లేదా నాలుగు-ఐదు పూసల మధ్య. అక్కడ నీళ్లలాంటి ద్రవంలో నరాలు గుర్రం తోక వెంట్రుకల్లా విడివిడిగా వేలాడుతూ ఉంటాయి. సూది తగిలితే సాధారణంగా పక్కకు జరుగుతాయి. అందుకే వీపు వంచి, గడ్డం ఛాతీకి ఆనించి, కదలకుండా కూర్చోమంటారు. అలా వంగితే పూసల మధ్య సందు తెరుచుకుంటుంది.

సూది చివర తేటగా ద్రవం చుక్క కనిపించగానే మందు ఎక్కిస్తారు. ఎంతనుకున్నారు? 2 నుంచి 3 మిల్లీలీటర్లు. టీ స్పూనులో సగం.

నరాల్లో కబురు నడిచేది సోడియం లోపలికి వెళ్లడం వల్ల. ఈ మందులన్నీ ఆ సోడియం దారిని కొంతసేపు మూసేస్తాయి. సన్నటి నరాలు ముందు ఆగుతాయి, లావువి తర్వాత. బీపీని పట్టి ఉంచే నరాలు, వేడి-చలి, నొప్పి నరాలు సన్నవి. కాళ్లు కదిపే నరాలు లావువి. అందుకే మొదట పాదాలు వెచ్చబడతాయి, తర్వాత నొప్పి పోతుంది, ఆ తర్వాతే కాళ్లు బరువెక్కుతాయి. ఆపరేషన్ మధ్యలో 'ఏదో లాగుతున్నట్టుంది' అని పేషెంట్ అంటే మత్తు ఫెయిలైందని కంగారు పడక్కర్లేదు. లాగడం, నొక్కడం కొంత తెలుస్తుంది. నొప్పి మాత్రం తెలియకూడదు. తెలిస్తే వెంటనే చెప్పాలి, మొహమాటం వద్దు.

కొకైన్ నుంచి బుపివకైన్ దాకా

ఈ పద్ధతిలో మొట్టమొదట వాడిన మందు కొకైన్. 1898లో జర్మనీలోని కీల్ నగరంలో ఆగస్ట్ బీర్ అనే సర్జన్ దీన్ని మొదలుపెట్టాడు. తన మీద, తన అసిస్టెంట్ మీద కూడా ప్రయోగం చేసుకున్నాడు. అసిస్టెంట్ మోకాలి కింద ఎముక మీద సుత్తితో కొట్టినా అతనికి నొప్పి తెలియలేదట. తర్వాత మాత్రం ఇద్దరికీ తలనొప్పి పట్టుకుంది. ఆ తలనొప్పి సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

కొకైన్ విషం ఎక్కువ కాబట్టి దాని బదులు ప్రొకైన్ వచ్చింది. 1943లో స్వీడన్‌లో లిగ్నోకైన్ తయారైంది. దీన్నే లిడోకైన్ అని కూడా అంటారు. 1957లో అక్కడే బుపివకైన్ తయారైంది. ఈ రోజు మన జిల్లా ఆస్పత్రి నుంచి కార్పొరేట్ ఆస్పత్రి దాకా స్పైనల్ అంటే ఎక్కువగా వాడేది బుపివకైనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో కూడా ఉంది.

బుపివకైన్ ఆంప్యూల్ మీద 'హెవీ' అని రాసి ఉంటుంది. అంటే డోసు ఎక్కువని కాదు. అందులో గ్లూకోజ్ కలిపి వెన్ను ద్రవం కంటే బరువుగా చేస్తారు. రూహ్ అఫ్జాను చల్లటి నీళ్లలో పోస్తే కలపకముందు అడుక్కు ఎలా దిగుతుందో, ఇదీ అలాగే దిగుతుంది. పేషెంట్‌ని కూర్చోబెట్టి కొంచెం సేపు అలాగే ఉంచితే మందు కింద పిరుదుల వైపు నరాలకే పరిమితమవుతుంది, పైల్స్ ఆపరేషన్‌కి అది చాలు. ఒక పక్కకు పడుకోబెడితే ఆ పక్క కాలు ఎక్కువగా మొద్దుబారుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి టేబుల్‌ని కొంచెం వంచితే మందు పైకి పాకుతుంది. సూది వేసిన మొదటి పావుగంట డాక్టర్ టేబుల్‌ని అటూ ఇటూ వంచుతూ, చల్లటి దూదితో పొట్ట మీద తాకుతూ 'ఇక్కడ చల్లగా ఉందా?' అని అడిగేది అందుకే. ఆ తర్వాత మందు స్థిరపడిపోతుంది. గ్లూకోజ్ లేని సాదా మందు కూడా ఉంది, అది పేషెంట్ పొజిషన్‌ని అంతగా పట్టించుకోదు.

అరగంట ఆపరేషన్‌కి ఐదు గంటల మత్తా?

బుపివకైన్ గొప్పతనం దాని బలం. మామూలు డోసులో, అంటే 10 నుంచి 15 మిల్లీగ్రాముల్లో, రెండు మూడు గంటల ఆపరేషన్ హాయిగా నడుస్తుంది. మోకాలి మార్పిడికి, తుంటి ఎముకకు, గర్భసంచి ఆపరేషన్‌కు ఇది సరిపోయే మందు. సమస్య చిన్న ఆపరేషన్లలో. పైల్స్‌కి అరగంట పడుతుంది, కాళ్లు పూర్తిగా తిరిగి రావడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పట్టొచ్చు. ఈలోగా యూరిన్ సంచి నిండుతుంది కానీ మనిషికి తెలియదు. తెలిసినా విడవలేడు. మగవాళ్లలో, ముఖ్యంగా ప్రోస్టేట్ పెరిగిన పెద్దవాళ్లలో ఇది బాగా ఇబ్బంది పెడుతుంది. చివరికి పైపు పెడతారు, ఆ రాత్రి అక్కడే ఉంచుతారు.

దీనికి పాత మందు లిగ్నోకైన్ మంచి జవాబుగా ఉండేది. త్వరగా పనిచేసి, గంట-గంటన్నరలో తగ్గిపోయేది. 1990ల మొదట్లో దాని మీద అనుమానాలు మొదలయ్యాయి. సన్నటి కెథటర్ ద్వారా గాఢమైన లిగ్నోకైన్ ఎక్కించిన కొందరికి కింది నరాలు దెబ్బతిన్నట్టు 1991లో రిపోర్టులు వచ్చాయి. మరుసటి ఏడాది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ సన్న కెథటర్లను మార్కెట్ నుంచి తీయించింది. 1993లో మరో సంగతి బయటపడింది. ఒక్కసారి సూది వేసినా, మత్తు దిగిపోయి అంతా బాగుందనుకున్నాక, పిరుదుల్లో, తొడల్లో మంటలాంటి నొప్పి కొందరికి వస్తోంది. రెండు మూడు రోజుల్లో అదే తగ్గిపోతుంది, కాళ్లు పడిపోవడం లాంటిదేమీ ఉండదు. బుపివకైన్‌తో ఇది చాలా అరుదు, లిగ్నోకైన్‌తో ఎక్కువ. కాళ్లు పైకెత్తి కట్టి చేసే ఆపరేషన్లలో ఇంకా ఎక్కువ. దాంతో స్పైనల్‌కు లిగ్నోకైన్ వాడకం బాగా పడిపోయింది. దంతాల డాక్టరో, కుట్లు వేసేటప్పుడో చర్మం కింద ఇచ్చే లిగ్నోకైన్ విషయం వేరు, దాన్ని చూసి భయపడొద్దు.

ఆ ఖాళీలోకి వచ్చింది క్లోరోప్రొకైన్. నిజానికి ఇది 1950ల నాటి పాత మందే. వెన్ను బయటి పొరలో ఇవ్వాల్సిన పెద్ద డోసు పొరపాటున లోపలికి వెళ్లి నరాలు దెబ్బతిన్న కేసులు 1980ల్లో రావడంతో దీనికి చెడ్డపేరు వచ్చింది. అప్పట్లో అందులో కలిపిన నిల్వ రసాయనం మీద అనుమానం పడింది. ఇప్పుడు ఆ రసాయనం లేకుండా, 1 శాతం బలంతో, స్పైనల్ కోసమే తయారుచేస్తున్నారు. యూరప్‌లో 2010ల మొదట్లో, అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది. మన దేశంలో కూడా వాడుతున్నారు. 40 నుంచి 50 మిల్లీగ్రాములు ఇస్తే పైల్స్, ఫిషర్, చిన్న హెర్నియా, మోకాలి లోపల దుర్బీన్ పరీక్ష లాంటివి అయిపోతాయి. చాలామంది రెండు మూడు గంటల్లో లేచి నడుస్తారు, యూరిన్ కూడా త్వరగా వస్తుంది.

మరి అందరికీ ఇదే ఎందుకు ఇవ్వరు? ఎందుకంటే ఈ మందు సర్జన్ కోసం ఆగదు. యూరప్‌లో దాన్ని 40 నిమిషాలు దాటని ఆపరేషన్ల కోసమే అనుమతించారు. లోపల అనుకోనిది ఏదైనా కనిపించి ఆపరేషన్ సాగితే మత్తు దిగిపోతుంది, అప్పుడు పూర్తి మత్తు ఇవ్వాల్సిందే. అందుకే కొందరు డాక్టర్లు మధ్యేమార్గంగా బుపివకైన్‌నే తక్కువ డోసులో, అంటే 5 నుంచి 7.5 మిల్లీగ్రాములు, కొంచెం ఫెంటనిల్ కలిపి ఇస్తారు. డోసు మరీ తగ్గిస్తే మత్తు సరిగా పట్టదన్న రిస్క్ అక్కడ ఉంటుంది. యూరప్‌లో డే-కేర్ ఆపరేషన్లకు ప్రిలోకైన్ అనే ఇంకో మందు కూడా నడుస్తోంది.

ఖరీదైన మందు మంచిదేనా?

నేను చదివింది కామర్స్ కాబట్టి బిల్లు మీదే నా కన్ను ముందు పడుతుంది. 'కొత్త మందు, గుండెకు సేఫ్' అని చెప్పి రోపివకైన్, లెవోబుపివకైన్ వాడినప్పుడు ఆ మాటలో ఎంత నిజముందో చూద్దాం.

బుపివకైన్ పొరపాటున రక్తనాళంలోకి పెద్ద మోతాదులో వెళితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉందని 1979లో అమెరికాలో హెచ్చరిక వచ్చింది. బుపివకైన్‌లో కుడి చెయ్యి, ఎడమ చెయ్యిలా రెండు అద్దం రూపాలు కలిసి ఉంటాయి. గుండె మీద ఎక్కువ భారం వేసే రూపాన్ని తీసేసి మిగిలినదాన్నే ఉంచితే లెవోబుపివకైన్. అదే ఆలోచనతో తయారైన దాని దగ్గరి చుట్టం రోపివకైన్. చేతి నరాలకో, వెన్ను బయటి పొరకో 100 మిల్లీగ్రాములకు పైగా ఎక్కించే చోట ఈ తేడా నిజంగా విలువైనది. స్పైనల్‌లో ఇచ్చేది 10-15 మిల్లీగ్రాములే. అంత కొంచెం మందుకు గుండె భద్రత అనే లాభం లెక్కలోకి వచ్చేంత పెద్దది కాదు.

మత్తు విషయంలో లెవోబుపివకైన్ దాదాపు బుపివకైన్ లాగే పనిచేస్తుంది. రోపివకైన్ కొంచెం బలహీనం, ఎక్కువ మిల్లీగ్రాములు కావాలి, కాళ్లు కాస్త ముందుగా తిరిగి వస్తాయి. మధ్యస్థంగా సాగే ఆపరేషన్‌కి అది పనికొచ్చే గుణమే. నా అభిప్రాయం అడిగితే, ఆంప్యూల్ ధర ఒక్కటే చూసి ఇది దండగ అనో, ఇది గొప్ప అనో అనలేం. మంచం అద్దె, యూరిన్ పైపు, తోడున్న మనిషి పోగొట్టుకునే ఒక రోజు కూలీ కలిపి లెక్క వేయాలి. చిన్న ఆపరేషన్‌లో త్వరగా దిగే మందు వల్ల ఆ సాయంత్రమే ఇంటికి వెళితే కుటుంబానికి మిగిలేదే ఎక్కువ.

సిజేరియన్‌లో

ఇక్కడ ఎక్కువగా వాడేది హెవీ బుపివకైన్, దాదాపు 2 మిల్లీలీటర్లు. గర్భిణికి మామూలు వాళ్ల కంటే తక్కువ డోసు చాలు. కోత పొత్తికడుపు మీదే అయినా మత్తు ఛాతీ దాకా పాకాలి, లేకపోతే లోపల పొర లాగినప్పుడు తట్టుకోలేరు. కొంచెం ఫెంటనిల్ గానీ మార్ఫిన్ గానీ కలిపితే ఆపరేషన్ తర్వాత కూడా నొప్పి తక్కువగా ఉంటుంది. బదులుగా ఒళ్లంతా దురద రావచ్చు, అది అలర్జీ కాదు.

'నాకు పూర్తి మత్తే ఇవ్వండి, నడుము సూది వద్దు' అని పట్టుబట్టే బహెన్లు ఉన్నారు. వాళ్లకు చెప్పాల్సింది ఇది. గర్భంతో గొంతు లోపల వాపు ఉంటుంది, కడుపులోది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయే అవకాశం ఎక్కువ. పూర్తి మత్తులో ఈ రెండూ ప్రమాదాలే. బిడ్డ కూడా కాస్త మత్తుగా పుట్టొచ్చు. స్పైనల్‌లో బిడ్డకు చేరే మందు చాలా స్వల్పం, తల్లి మేలుకుని ఉంటుంది, పాలు పట్టడానికీ ఆటంకం లేదు. తీవ్ర రక్తస్రావం, రక్తం గడ్డకట్టే కణాలు బాగా తగ్గడం, క్షణం కూడా ఆగలేని ఎమర్జెన్సీ లాంటివి ఉంటే మాత్రం డాక్టర్లే పూర్తి మత్తు వైపు వెళతారు.

సూది వేసిన కొన్ని నిమిషాల్లో వికారం, తల తేలిపోవడం వస్తే అది బీపీ పడిపోతోందన్న గుర్తు. వెంటనే నోరు తెరిచి చెప్పాలి. ఎడమ వైపుకు కొంచెం వాల్చి, ఫినైలెఫ్రిన్ లాంటి మందు ఇస్తే నిమిషాల్లో సర్దుకుంటుంది. వణుకు కూడా మామూలే. వీపు తెరిచి కూర్చోవాలి కదా అని సంకోచపడే ఆడవాళ్లు లేడీ నర్సును పక్కన ఉంచమని ముందే అడగొచ్చు, అడగడంలో తప్పేమీ లేదు.

నడుము నొప్పి, తలనొప్పి

'ఆ సూది వల్లే నాకు ఇరవై ఏళ్లుగా కమర్ దర్ద్' అని చెప్పే ఒక ఖాలా ప్రతి ఇంట్లో ఉంటారు. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండటం నిజమే. ఏళ్ల తరబడి నొప్పికి మాత్రం స్పైనల్ కారణమని పరిశోధనల్లో తేలలేదు. కాన్పుకు ముందు నుంచే నడుము కీళ్లు సాగి ఉంటాయి, తర్వాత బిడ్డను ఎత్తడం, వంగి పాలివ్వడం, సరైన తిండి లేకపోవడం. పూర్తి మత్తులో సిజేరియన్ అయినవాళ్లకు, నార్మల్ కాన్పు అయినవాళ్లకు కూడా నడుము నొప్పి వస్తుంది.

తలనొప్పి మాత్రం నిజమైన సంగతే, బీర్ రోజుల నుంచీ ఉన్నదే. సూది చేసిన రంధ్రం నుంచి వెన్ను ద్రవం కారితే వస్తుంది. కూర్చుంటే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. ఎక్కువగా రెండు మూడు రోజుల్లో కనిపిస్తుంది. వయసులో ఉన్న ఆడవాళ్లకు, కాన్పు అయినవాళ్లకు ఎక్కువ, వృద్ధులకు తక్కువ. ఇక్కడ మందు కంటే సూది ముఖ్యం. పెన్సిల్ మొనలాంటి కొన ఉన్న సన్న సూది పొరను కోయకుండా పక్కకు నెడుతుంది, కాబట్టి ఈ తలనొప్పి బాగా తగ్గుతుంది. దొరికే చోట అది వాడమని అడగడం మంచిదే. దిండు లేకుండా 24 గంటలు పడుకోబెట్టడం వల్ల తలనొప్పి రాకుండా ఆగదని తేలింది, అయినా మన ఇళ్లలో ఆ రూల్ ఇంకా నడుస్తోంది. తగ్గకపోతే చేతి నుంచి కొంచెం సొంత రక్తం తీసి వెన్ను బయటి పొరలో పెట్టే చికిత్స ఉంది. తలనొప్పితో పాటు జ్వరం, మెడ బిగుసుకోవడం ఉంటే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

మత్తు డాక్టర్‌కి దాచకూడనివి

రక్తం పల్చబడే మాత్రలు అన్నిటికంటే ముందు. స్టెంట్ వేసిన అబ్బాలు చాలామంది క్లోపిడోగ్రెల్ వేసుకుంటూ ఉంటారు. అది వేసుకుంటుండగా స్పైనల్ ఇస్తే లోపల రక్తం గడ్డకట్టి నరాలను నొక్కే ప్రమాదం ఉంది, సాధారణంగా 5 నుంచి 7 రోజుల ముందు ఆపిస్తారు. అలాగని ఇంట్లో మనంతట మనం ఆపేస్తే స్టెంట్ మూసుకుపోవచ్చు. గుండె డాక్టర్, మత్తు డాక్టర్ ఇద్దరూ కలిసి చెప్పాలి. మామూలు ఆస్పిరిన్ ఒక్కటే అయితే సాధారణంగా అడ్డు కాదు.

హిజామా చేయించుకుని ఉంటే చెప్పండి. నడుము కింది భాగంలో పచ్చి గాట్లు, పుండ్లు, చీము ఉంటే ఆ చోటి నుంచి సూది దించరు. ఆపరేషన్ తేదీ దగ్గరపడ్డాక నడుము మీద హిజామా చేయించుకోకపోవడం మంచిది. ఇంతకుముందు మత్తు పట్టలేదా, వెన్నుకు ఆపరేషన్ జరిగిందా అన్నవి కూడా చెప్పాలి. తేలు కుట్టిన సంగతి కూడా. వింతగా అనిపించొచ్చు కానీ, తేలు కుట్టిన కొందరిలో ఈ మందులు సరిగా పట్టడం లేదని మహారాష్ట్రలోని మత్తు డాక్టర్లు రాశారు.

నడుము సూదే కదా అని ఉదయం చాయ్ ఇచ్చేవాళ్లున్నారు. ఇవ్వొద్దు. మధ్యలో పూర్తి మత్తు అవసరం పడొచ్చు. అన్నం, పాలు, పాల చాయ్ ఆరు గంటల ముందు ఆపాలి, మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు తాగొచ్చు. షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్ సంగతి ముందే మాట్లాడుకోవాలి.

తుంటి విరిగిన దాదీలకు 'పూర్తి మత్తు ఇస్తే ఇక లేవరు' అనే మాట విని బయటికి చెప్పలేని భయంతో ఉండే కుటుంబాలు చాలా ఉన్నాయి. 1600 మంది మీద చేసి 2021లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో స్పైనల్‌కూ పూర్తి మత్తుకూ మధ్య, 60 రోజుల తర్వాత బతికి ఉండటంలో, నడవగలగడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. స్పైనల్ కుదరదని డాక్టర్ చెబితే హడలిపోనక్కర్లేదు.

ఆపరేషన్ అయ్యాక

మొదటిసారి లేచేటప్పుడు పడిపోవడం ఎక్కువ. కాళ్లు కదులుతున్నాయి కదా అని వుజూ కోసం ఒంటరిగా బాత్రూమ్‌కి వెళ్లొద్దు, మనిషి తోడు ఉండాలి. లేవలేని పేషెంట్ మంచం మీదే సైగలతో నమాజ్ చదువుకునే రుఖ్సత్ ఉండనే ఉంది. మొద్దుబారిన కాళ్ల మీద వేడినీళ్ల సంచి పెట్టకండి, కాలినా తెలియదు.

కాళ్లు ఎప్పటికి తిరిగి రావాలో ఆపరేషన్ థియేటర్ బయటే అడిగి ఒక టైమ్ రాసుకోండి. బుపివకైన్ అయితే ఆరు గంటలు దాటుతున్నా కొంచెం కూడా తగ్గకపోవడం, తిరిగొచ్చిన బలం మళ్లీ పోవడం, నడుములో తీవ్రమైన నొప్పి రావడం, ఇవి చాలా అరుదు. కానీ వస్తే లోపల రక్తపు గడ్డ ఉందేమో వెంటనే ఎంఆర్ఐ చేసి చూడాలి. గడ్డను కొన్ని గంటల్లోపే తీస్తేనే కాళ్లు దక్కే అవకాశం బాగుంటుంది. ఉదయం రౌండ్స్ దాకా ఆగకుండా, రాత్రి రెండు గంటలైనా సరే నర్సును లేపి మత్తు డాక్టర్‌కి ఫోన్ చేయించండి.